ఎరుగుదును

ఎర్రన్న పని ఒక్క మాట పని. రిజిస్ట్రారు గారు కళ్ళజోడు పైనుంచి చూసి "ఈ మనిషిని నువ్వెరుగుదువా?" అంటారు. ఎర్రన్న "ఎరుగుదును" అంటాడు. దస్తావేజు వెనక, వేలిముద్ర కింద, నిరూపించినవారు అని రాసి ఉన్నచోట వంకర అక్షరాలతో తన పేరు గీస్తాడు. వాళ్ళు చేతిలో పెట్టింది పుచ్చుకుని మళ్ళీ వరండాలోకి వచ్చి కూర్చుంటాడు.

భూమి అమ్మేవాడైనా, తనఖా పెట్టేవాడైనా, కూతురికి రాసిచ్చేవాడైనా, నేను ఫలానా అని తన నోటితో తాను చెప్పుకుంటే సర్కారు ఒప్పుకోదు. ఎరిగినవాళ్ళు ఇద్దరు చెప్పాలి. ఊరినుంచి ఇద్దర్ని వెంటబెట్టుకు రావాలంటే ఇద్దరి పనీ పోతుంది, ఇద్దరికీ కూడు పెట్టాలి. అందుకని ఒకణ్ణి తెచ్చుకునేవారు. రెండోవాడు వరండాలో ఉండనే ఉన్నాడు.

ఈ ఆఫీసు ఉన్న ఊరు చీపురుపల్లి దాటాక రైలు దారినే ఉంది. పేరు దేనికి, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

సాక్షి కాకముందు ఎర్రన్న అదే వరండాలో పదహారేళ్ళు పంకా లాగాడు. గోడకి చిల్లు, చిల్లులోంచి తాడు. తాడు ఇవతలి కొస ఎర్రన్న చేతిలో, అవతల రిజిస్ట్రారు నెత్తిమీద పంకా. లోపల ఎవరు అమ్ముతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో అన్నీ వినిపించేవి. ఎవరూ కనిపించేవారు కాదు. తరువాత ఊళ్ళోకి కరెంటు వచ్చింది, గదిలోకి ఫ్యాను వచ్చింది. తాడు విప్పేశారు. అప్పటి రిజిస్ట్రారు జాలిపడి "ఎక్కడికి పోతావులే, ఇక్కడే పడుండు" అన్నాడు. ఎర్రన్న పడి ఉన్నాడు. మరుసటి ఏడు పెళ్ళాం లక్ష్మణమ్మ జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. గూడ్సు షెడ్డు వెనక ఒక పాక. పొద్దున్న లేవడం, అంబలి తాగడం, వరండాకి రావడం. ఆదివారం నాడు ఆఫీసుకి సెలవైతే ఆయనకి ఎటు పోవాలో తెలిసేది కాదు. తాళం వేసిన తలుపు ముందే కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

తన పనిలో ఆయనకి ఒక పట్టింపు ఉండేది. మనిషి ముఖం చూసేవాడు కాదు. గొంతుక్కూచుని, కళ్ళు నేలకేసి పెట్టి, అమ్ముతున్న చేను గట్లు అడిగేవాడు. తూర్పున ఎవరు, పడమట ఎవరు, గట్టుమీద ఏ చెట్టుంది, వాన పడితే నీరు ఎటు దిగుతుంది. దొంగ మనిషికి పేరు నేర్పొచ్చు, తండ్రి పేరూ నేర్పొచ్చు. నీరు ఎటు దిగుతుందో నేర్పలేరు. అది నడిచిన కాలికే తెలుస్తుంది. సరిగ్గా చెప్పినవాణ్ణే ఎర్రన్న ఎరుగుదుననేవాడు. తడబడినవాళ్ళని తిప్పి పంపిన రోజులూ ఉన్నాయి.

దస్తావేజులు రాసే నరసింగరావు చిన్న చెక్కబల్ల ముందు కూర్చుని వేళాకోళం ఆడేవాడు.

"ఏరా ఎర్రన్నా, నువ్వు మనిషిని నిరూపిస్తన్నావా, గట్టుని నిరూపిస్తన్నావా?"

"గట్టు అబద్ధం సెప్పదు బాబూ."

"మనిషి సెప్తాడంటావు!"

ఎర్రన్న బీడీ ముట్టించుకునేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆయనకి అది ఎక్కువ మాట్లాడిన రోజు.

అరవై ఎనిమిదో సంవత్సరం కార్తీక మాసంలో ఈతమానుపేట జగన్నాధం ఒక ఆడమనిషిని వెంటబెట్టుకు వచ్చాడు. చనిపోయిన తన అన్న అప్పలసూరి భార్య, తవిటమ్మ అన్నాడు. ఆమె పేర ఉన్న మెట్ట చేను టౌను షావుకారుకి అమ్ముతున్నారు. అసలు దస్తావేజు ఇంటి చూరులో చెదలు తినేసిందని కాగితంలో రాయించాడు. ఒక నిరూపణ సాక్షి జగన్నాధమే. రెండో సాక్షికి ఎర్రన్నని పిలిచారు.

ఆమె నెత్తిన ముసుగు వేసుకుని గోడవారగా నిలబడింది. ఎర్రన్న నేలకేసి చూస్తూ అడిగాడు. "తూరుపు ఎవులు?"

"గొల్లోల సేను. గట్టుమీద రేగిసెట్టు."

"పడమర?"

"బండి దారి. ఆ మూల వానొస్తే నీరు నిలుస్తాది బాబూ. గోగు ఏస్తే కుళ్ళిపోద్ది. దచ్చినం వాగు. ఉత్తరం మా జగన్నాధం బాబుదే."

ఇన్నేళ్ళలో అంత చక్కగా చెప్పినవాళ్ళు లేరు. గోగు ఎక్కడ కుళ్ళుతుందో కూడా చెప్పింది. ఆ రోజు ఎర్రన్న లోపలికి వెళ్ళి నోటినిండా "ఎరుగుదును" అన్నాడు. ఆమె సిరా పలక మీద బొటనవేలు అద్ది, ఒకటి దస్తావేజు మీద, ఒకటి వేలిముద్రల పుస్తకంలో వేసింది. బండ చెయ్యి, బాగా పడింది ముద్ర.

మాఘమాసంలో, ఒక బుధవారం, పొద్దుటి పాసింజరు దిగి ఒక ముసలామె ఆఫీసుకి వచ్చింది. అంత ముసలిదేమీ కాదు, ఎండ ముసలిదాన్ని చేసింది. పాదాలు పగిలి, పగుళ్ళలో తెల్లగా ఉంది. నరసింగరావు బల్ల ముందు నిలబడి, నా పేరు తవిటమ్మ, మాది ఈతమానుపేట, నా చేను ఎవరో కంచె కట్టేసుకున్నారు అని చెప్పింది.

నరసింగరావు కలం కింద పెట్టాడు. ఒకసారి ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న బీడీ ముట్టించబోతూ ఆగిపోయాడు.

అప్పుడున్న రిజిస్ట్రారు నారాయణమూర్తి. పొందూరు ఖద్దరు చొక్కా, మెత్తటి మనిషి. కాని కాగితం దగ్గర మెత్తదనం లేదు. పుస్తకం తీయించి చూసి, "అమ్మేశావు కదమ్మా" అన్నాడు.

"నానెవులికీ అమ్మలేదు బాబూ. నా పెనిమిటి పోయినాక నౌపడ ఎల్లిపోనాను, ఉప్పు మడుల్లోకి. పన్నెండేళ్ళయింది. సేను మా మరిది సేస్తన్నాడు. ఏడాదికో బస్తా సోళ్ళు పంపేవాడు. ఈ యేడు రాలేదు. ఏటా అనీసి మొన్నొచ్చి సూస్తే, కంచె కట్టున్నాది."

గుడ్డ మూట విప్పి ఒక కాగితం తీసింది. పెళ్ళప్పుడు తండ్రి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన దస్తావేజు. చెదలు తినేసిందన్నది ఇదే. నారాయణమూర్తి దాన్ని వెలుగుకి పట్టి చూశాడు. సీలు చూశాడు. పాత పుస్తకంలో నంబరు కలిపి చూశాడు.

"కాగితం నిజమైనదే" అన్నాడు. "కాగితం పట్టుకొచ్చిన చెయ్యి ఎవరిదో కాగితం చెప్పదమ్మా. ఏదీ, బొటనవేలు."

ఆమె వేలికి సిరా పూసి తెల్ల కాగితం మీద ఒత్తించారు. నల్లటి మచ్చ ఒకటి పడింది. గీత లేదు, సుడి లేదు. మళ్ళీ తుడిచి మళ్ళీ వేయించారు. మళ్ళీ మచ్చే.

"ఉప్పు తినీసింది బాబూ" అంది తవిటమ్మ, తప్పు చేసినట్టుగా. "మా మడుల్లో అందరికీ ఇంతే. గీసీ, ఎత్తీ, గీసీ, ఎత్తీ."

నారాయణమూర్తి రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "కార్తీకంలో వేలు వేసింది నువ్వు కాదని చెప్పగలను. అది వేరు, ఇది వేరు. కాని నువ్వు తవిటమ్మవేనని ఇది చెప్పదు. నీలాంటి వేలు నౌపడలో వందమందికి ఉంటుంది."

తరువాత ఎర్రన్నని పిలిచాడు. "ఆ రోజు నిరూపించినవాడివి నువ్వే. ఈమె ఎవరు?"

ఎర్రన్న తన పద్ధతి తప్పలేదు. నేలకేసి చూస్తూ గట్లు అడిగాడు. తూర్పున పెదమావోళ్ళ చేను అంది. అది గొల్లలకి అమ్ముడై ఏళ్ళయింది. గట్టుమీద రెండు తాడిచెట్లు అంది. రేగిచెట్టు మాట ఎత్తలేదు. పడమట బీడు అంది. నీరు ఎటు దిగుతుందంటే ఆలోచించి, "వాగులోకే కావాల" అంది.

"నాను ఎరగను బాబూ ఈవిడిని" అన్నాడు ఎర్రన్న.

అది అబద్ధమూ కాదు. ఆమె సిరా వేలు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది.

నారాయణమూర్తి ఆమెకి విడమరిచి చెప్పాడు. రిజిస్ట్రీ అయిన దస్తావేజు రద్దు చేసే అధికారం తనకి లేదు. మనిషిని మార్చి వేలు వేయించారని సాక్ష్యం దొరికితే మాత్రం పైకి రాస్తాడు. తరువాత పోలీసులు, కోర్టు చూసుకుంటారు. శుక్రవారం దాకా గడువు. ఆమెని ఎరిగినవాళ్ళు ఇద్దరు రావాలి. రాకపోతే అర్జీ కొట్టేస్తాడు, చేను షావుకారుదే.

ఆ మధ్యాహ్నమే తవిటమ్మ ఈతమానుపేట నడిచి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఒక్కతే తిరిగి వచ్చింది. వచ్చి వరండాలో రెండో చివర కూర్చుంది.

"ఏమన్నారు మీ ఊళ్ళో?" అన్నాడు నరసింగరావు.

"మంచినీల్లిచ్చినారు. సాచ్చెం ఇవ్వనన్నారు. జగన్నాధం ఊరి పెద్ద కదా. నన్ను సూసి తలుపేసుకున్నోళ్ళు కూడా ఉన్నారు. మా అమ్మా బాబూ లేరు. నౌపడోళ్ళని తెద్దామంటే, ఆల్లకి నాను ఉప్పు మోసే తవిటినే. నా ఊరేటో, నా మొగుడెవులో ఆల్లెవులూ సూడలేదు."

నరసింగరావు గొంతు సవరించుకుని రాతలో పడ్డాడు. పాసింజరు వేళ కావాలంటే ఇంకా చాలా పొద్దుంది. వరండాకి ఆ చివర ఆమె, ఈ చివర ఎర్రన్న. మధ్యలో వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. ఆమె ఎవరినీ పలకరించలేదు. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చినా జరగలేదు. ఎండలో కూర్చోవడం ఆమెకి కొత్త కాదు కాబోలు.

చాలాసేపటికి ఆమె మాటే ముందు వచ్చింది.

"నువ్వడిగినవి నాకు రాలేదు, నిజమే. పన్నెండేళ్ళ కిందట నానొదిలీసిన సేను అది. గట్టుమీద సెట్టు మొలిస్తే నౌపడలో నాకెవులు సెప్తారు? అందులో కూలి సేసినోళ్ళని అడిగితే సెప్తారు గాని, నన్నడిగితే ఏటి సెప్తాను మావా?"

కోపంగా అనలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అంది. ఎర్రన్నకి ఆ మాట కాల్లో ముల్లులా దిగింది. ముల్లు దిగినచోట తడుముకున్నట్టు ఆ మాటనే తడుముకుంటూ కూర్చున్నాడు. కూలి చేసినోళ్ళని అడిగితే చెప్తారు. నీరు నిలుస్తుంది, గోగు కుళ్ళుతుంది. ఉత్తరం మా జగన్నాధం బాబుది. మరిదిని ఏ వదినైనా జగన్నాధం బాబు అంటుందా?

లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు నరసింగరావు. ఆఫీసు వేళలో ఎర్రన్న వరండా దిగడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

అప్పటికే ఎర్రన్న మెట్లు దిగిపోయాడు.

ఈతమానుపేట రెండు కోసుల దూరం. చేను కనుక్కోవడం ఏమీ కష్టం కాలేదు, గట్లు నోటికి వచ్చు. గొల్లల చేను, రేగిచెట్టు, వాగు, బండి దారి, అన్నీ చెప్పినచోట చెప్పినట్టు ఉన్నాయి. చుట్టూ కొత్త ముళ్ళకంచె. లోపల నలుగురు కూలీలు వరసగా గోతులు తవ్వుతున్నారు. కంచె ఇవతల నిలబడి ఎర్రన్న కళ్ళు మూసుకున్నాడు. పంకా లాగిన రోజుల్లోలాగా చెవి అటు పెట్టాడు.

"ఓరి ఎల్లాజీ, ఆ మూలొద్దని సెప్తన్నానా నీకు? తవ్వు తవ్వు. తొలకరికి నీరు నిలిసి మావిడి మొక్క సచ్చిపోతే, సావుకారు నీ ఈపు మీద నాటుతాడు!"

అదే గొంతు. ఎర్రన్న కళ్ళు తెరిచాడు. గట్టిగా ఉన్న ఆడమనిషి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాలుస్తోంది. ఈయన్ని చూసి పార వదిలి కంచె దగ్గరికి వచ్చింది.

"ఎవులు బాబూ, దారి తప్పినావా?" అంటూనే గుర్తుపట్టింది. చుట్ట నోట్లోంచి తీసింది. "ఓలమ్మ! నువ్వా."

"నీ పేరేటి?"

"కూర్మమ్మ."

"తవిటమ్మ కాదా?"

"నాను తవిటమ్మనని నీకు సెప్పినానా? నువ్వు నా పేరడిగినావేటి ఆ రోజు? గట్లడిగినావు, సెప్పినాను. ఒక్క ముక్క అబద్ధముందా అందులో? సూసుకో, ఇదిగో రేగిసెట్టు. పేరు ఆ రాతబాబు సదివినాడు. నానూకున్నాను."

"ఏలిముద్ర ఏసినావు."

"ఏసినాను. జగన్నాధం బాబు ఎయ్యమన్నాడు. దూడకి పలుపెయ్యమంటే ఎయ్యనా? అలగే ఇదీని. ఆయన సేలో పనుంటే నా పొయ్యి వెలుగుతాది, లేకపోతే లేదు." ఆమె గొంతు తగ్గింది. వెనక్కి తిరిగి కూలీలు వింటున్నారేమో చూసుకుంది. "ఏటయ్యింది? ఆ తవిటమ్మ వచ్చిందట కదా. నన్నట్టుకెల్తారేటి?"

ఎర్రన్న రేగిచెట్టు కేసి చూశాడు.

"నాలుగేళ్ళు కాపరం సేసి ఎల్లిపోయినాదావిడ. ఈ సేను ఎవులికి తెలుసో నువ్వే సెప్పు. కాగితంలో పేరు ఆవిడిది. సేలో నడుం నాది." అని, మళ్ళీ ఏమనుకుందో, కంచెలోంచి చెయ్యి పెట్టి గుప్పెడు రేగిపళ్ళు ఇచ్చింది. "తిను బాబూ. ఎండన పడొచ్చినావు."

రేగిపళ్ళు చేతిలో పట్టుకుని ఎర్రన్న తిరిగి నడిచాడు. ఒక్కటీ తినలేదు. దారిలో ఎవరో పిల్లలకి ఇచ్చేశాడు. ఇన్నేళ్ళుగా ఆయన అడిగిన ప్రశ్నకి కూలివాళ్ళు ఎంతమంది జవాబు చెప్పి వెళ్ళారో. అసలైనవాళ్ళు ఎంతమంది తడబడి, ఎరగను పొమ్మనిపించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారో. ఒక్కరి ముఖమైనా గుర్తుకు తెచ్చుకుందామని చూశాడు. ఎంత తవ్వినా కాళ్ళే కనిపించాయి. మట్టి కాళ్ళు, చెప్పుల కాళ్ళు, కడియాల కాళ్ళు.

జరిగింది నరసింగరావుకి చెప్పాడు. నరసింగరావు బల్ల మూత వేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నోరు మూసుకో. రేపు పిలిస్తే, నాకు తెలీదు, ఆ రోజు వచ్చినామే తవిటమ్మ అనుకున్నాను అను. అంతే. ఎరగని మనిషిని ఎరుగుదునన్నానని నీ నోటితో నువ్వే అంటే అది జైలు. నువ్వొక్కడివే పోవు. నువ్వు సంతకం పెట్టిన దస్తావేజులన్నీ నేనే రాశాను. అవన్నీ లేస్తాయి. నా కలం విరిచేస్తావురా."

"ఆవిడ సేను పోద్ది బాబూ."

"పోనీ! నీ మేనత్తా? నీ అప్పా? నువ్వెవరు, ఆవిడెవరు? ఈ వరండా ఒగ్గేస్తే నీకెవులున్నారురా? ఎక్కడికెల్తావు?"

ఎర్రన్న తన గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆ మాట నిజమే.

శుక్రవారం నాడు జగన్నాధం ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. తవిటమ్మ వెంట ఎవరూ రాలేదు. నారాయణమూర్తి ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు.

"ఈమె ఎవరు?"

"నానెరగను బాబూ" అన్నాడు జగన్నాధం, ఆమె కేసి తిన్నగా చూస్తూ. "మా వదిన సేనమ్మిన సొమ్మట్టుకుని తీర్థాలకెల్లిపోనాది. కాశీయో, రామేశ్వరమో. ఈవిడెవులో నౌపడ మనిషి. ఎవులో నేర్పి పంపినారు."

"జగ్గులూ" అంది తవిటమ్మ. "నీకు అమ్మోరు పోసినప్పుడు నా ఒళ్ళో పడుకున్నావురా."

జగన్నాధం కిటికీకేసి చూశాడు. నారాయణమూర్తి అది కాగితం మీద రాసుకోలేదు. రాసుకునే మాట కాదు అది. ఎర్రన్నని పిలిచాడు.

ఎర్రన్న వచ్చి నిలబడ్డాడు. గుమ్మంలో నరసింగరావు ఏదో కాగితం వంక పెట్టుకుని నిలుచున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. గోడకి, ఎత్తున, తాడు పోయిన చిల్లు ఇంకా ఉంది, అందులోంచి ఇంత వెలుగు పడుతోంది.

"చెప్పు. కార్తీకంలో వేలు వేసింది ఈమేనా?"

"కాదు బాబూ."

"మరి ఎవరు?"

"కూర్మమ్మని ఈల్ల కూలిమనిషి. ఎల్లి సూసినాను. గొంతు అదే. ఆవిడా ఒప్పుకున్నాది. ఆవిడ ఆల్లు సెప్పింది సేసింది బాబూ, అది కూడా రాయండి."

జగన్నాధం ఒక్క అరుపు అరిచాడు. "ఈ ముసలోడికి ఎవులో కల్లు పోయించినారు!" నారాయణమూర్తి చెయ్యెత్తి ఆపాడు. ఆయన ఎర్రన్ననే చూస్తున్నాడు.

"ఆ రోజు నా ఎదురుగా నిలబడి తవిటమ్మని ఎరుగుదునన్నావు. ఎందుకన్నావు?"

ఎర్రన్న గోడకున్న చిల్లు కేసి చూశాడు.

"నాను ఎవుల్నీ ఎరగను బాబూ."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ."

గుమ్మంలో నరసింగరావు లేడు. ఎప్పుడు వెళ్ళాడో వెళ్ళిపోయాడు.

వాంగ్మూలం రాశారు. చదివి వినిపించారు. కింద ఎర్రన్న సంతకమూ వేలిముద్రా రెండూ కావాలన్నారు. వేలకొద్దీ ముద్రలకి సాక్షిగా ఉన్న ఆయన ఆ సిరా పలక మీద వేలు పెట్టడం అదే మొదటిసారి. చల్లగా, జిడ్డుగా ఉంది. ముద్ర బాగానే పడింది.

వేలు వేసినవాడు ఎర్రన్నేనని ఎవరో ఒకరు నిరూపించాలి. రూలు అది. నారాయణమూర్తి బంట్రోతుని పంపి నరసింగరావుని పిలిపించాడు.

"ఈయన్ని ఎరుగుదువు కదూ? సంతకం పెట్టు."

నరసింగరావు తలుపు దగ్గరే ఆగాడు. ఎర్రన్న కేసి చూడలేదు. "వరండాలో కూర్చుంటాడండి, చూస్తుంటాను. అంతకుమించి... మనిషిగా నేను ఎరగనండి. నాకు తెలీదు."

ఇరవై ఏళ్ళు ఒకే చూరు కింద కూర్చున్నారు ఇద్దరూ. ఎండ ఏ వేళకి ఎక్కడికి వస్తుందో చూసి బల్ల ఒకరు, గోనెపట్టా ఒకరు కలిసే జరుపుకునేవారు. ఎర్రన్నకి కోపం రాలేదు. అవును మరి, ఏం చెప్తాడు అనుకున్నాడు. లక్ష్మణమ్మ పేరు కూడా ఈయనకి తానెప్పుడూ చెప్పలేదు.

నారాయణమూర్తి కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తరువాత తనే రాశాడు. రాసి, పైకి చదివాడు. "నాకు స్వయంగా తెలిసినవాడు." కింద సంతకం చేసి సీలు వేశాడు.

"ఆ కూర్మమ్మ వేలు తెప్పిస్తే ఈ పుస్తకంలో ముద్రతో సరిపోతుందో లేదో చూసే నిపుణులు ఉన్నారు. అది అబద్ధం చెప్పదు. ఈ పూటే పైకి రాస్తున్నాను" అని జగన్నాధంతో అన్నాడు. "ఈలోగా మీ వదిన కాశీలో ఉందంటున్నావు కాబట్టి, ఆమెని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టు. తేలేకపోతే ఈమె ఎవరో నువ్వే చెప్పినట్టు." జగన్నాధం పంచె అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

తరువాత ఎర్రన్న వైపు తిరిగి, చిన్నగా, "నీకు శిక్ష పడొచ్చు. నేను ఆపలేను. రేపటినుంచి వరండాలో కూర్చోకు" అన్నాడు.

"సిత్తం" అన్నాడు ఎర్రన్న.

గోనెపట్టా చుట్టుకుని చంకన పెట్టుకున్నాడు. నరసింగరావు తల వంచుకుని రాస్తున్నాడు. స్టాంపులమ్మే ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఎర్రన్న మెట్లు దిగాడు. ఎటు పోవాలో తోచక, తవిటమ్మ ఎటు నడిస్తే అటు, పది అడుగుల వెనక నడిచాడు. ఆమె స్టేషనుకి వెళ్ళింది. సాయంత్రం పాసింజరుకి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద గోగునార కట్టలు పేర్చి ఉన్నాయి. ఆమె ఒక కట్ట మీద కూర్చుంది. ఆయన కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"కూకో మావా. ఎంతసేపని నిలబడతావు?"

కూర్చున్నాడు. ఆమె మూటలోంచి చోడిరొట్టె తీసి విరిచి ఇచ్చింది. ఇద్దరూ తిన్నారు. దూరంగా సిగ్నలు తీగ ఒకసారి గుంజుకుని ఊరుకుంది.

"సేనొస్తాదంటావా?"

"తెలీదు. కోర్టుల పని. ఏళ్ళు పడతాది."

"ఒకేల వచ్చినా, దున్నడానికి ఎవులున్నారు నాకు? మల్లీ ఆ కూర్మమ్మకే ఇవ్వాల" అని నవ్వింది తవిటమ్మ. నవ్వి, వెంటనే నవ్వు మానేసింది. "కోర్టోళ్ళు పిలుస్తారు కదా. నువ్వు వస్తావా?"

"వస్తాను. ఆల్లే అట్టుకెల్తారు నన్ను."

"ఎప్పుడో రెండేళ్ళకో మూడేళ్ళకో పిలుస్తారు. ఉప్పులో నాను ఇంకా మాడిపోతాను. ఆ జనంలో నన్ను నిలబెట్టి, ఈవిడేనా అనడిగితే, పోలుస్తావా?"

జవాబు ఆయన నోటి చివరకి వచ్చింది. కొన్ని వేలసార్లు అన్న మాట, అనడానికి ఏమీ కష్టం లేని మాట. అనలేదు.

గోనెపట్టా కింద పెట్టాడు. కట్ట మీద ఆమెకి ఎదురుగా తిరిగి కూర్చున్నాడు. పడమటి ఎండ ఆమె వీపు మీద ఉంది. ముఖం నీడలో ఉంది.

"ఎండలోకి తిరుగు తల్లీ" అన్నాడు. "సూస్తాను."

ఆమె ముసుగు వెనక్కి తీసి, ఎండ కేసి తిరిగి, కదలకుండా కూర్చుంది. ఎర్రన్న చూశాడు. ఎడమ కనుబొమలో తెగిన చోటు. ముక్కు పక్కన ఉప్పుకి పొలుసులు లేచిన చర్మం. కింది పెదవి మీద చిన్న నల్లటి మచ్చ. కళ్ళలో కొద్దిగా పొర. రైలు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.